మొదటి కుంచం

వీర్రాజు ఫోను చేసేసరికి నేను కూరకి వంకాయలు తరుగుతున్నాను. "టీచరుగారూ, మన అక్క పోయిందండి" అన్నాడు. ఏ అక్క అని అడగలేదు. మా లెక్కల క్లాసులో అక్క అంటే ఒక్కర్తే. పొద్దున్న గుండెల్లో నెప్పి అందట, ఆటో వచ్చేలోపే ప్రాణం పోయిందట. వీర్రాజు ఒకప్పుడు లారీ క్లీనరు, ఆవిడ పక్క బెంచీలో కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాడు. ఇప్పుడు మండపేటలో కరెంటు పని చేసుకుంటున్నాడు. "మీకు ముందు చెప్పాలనిపించిందండి" అని పెట్టేశాడు. తరిగిన ముక్కలు నీళ్ళలో వెయ్యడం కూడా మర్చిపోయి అలాగే కూర్చున్నాను. అన్నీ నల్లబడిపోయాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. అసలు ఆవిడకే ఆ పేరుతో పెద్ద పరిచయం ఉన్నట్టు ఉండేది కాదు. హాజరు పిలిచినప్పుడు పలికేది కాదు. పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచేది. "ఇది నీ పేరే కదమ్మా?" అంటే "ఆయ్, కాయితాల్లో అదేనండి" అనేది.

నేను రిటైరయ్యాక రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని టీవీలో వార్తలు చదివేవాళ్ళతో పోట్లాడుకుంటున్న రోజులవి. నా గోల భరించలేక మావారే ఎక్కడో కనుక్కొచ్చారు: మండపేటలో పెద్దవాళ్ళకి లెక్కలు చెప్పేవాళ్ళు కావాలట, ఉచితంగానట. చదువు ఏడులోనో ఎనిమిదిలోనో మానేసినవాళ్ళు. కరెంటు పనికో, కుట్టుమిషన్ల పనికో, ఆసుపత్రిలో నర్సులకి సాయం చేసే పనికో ట్రైనింగుకి వెళ్ళాలనుకుంటారు. ట్రైనింగులో చేరాలంటే ముందు ఒక పరీక్ష, అందులో లెక్కలు. అక్కడే అందరూ ఆగిపోయేవారు. పాస్టరుగారు చర్చి పక్కనున్న చిన్న హాలు మధ్యాహ్నాలు వాడుకోమన్నారు. నేను బస్సెక్కి వెళ్ళి వచ్చేదాన్ని.

మొదటిరోజు ఒక్కొక్కళ్ళనీ లేపి మీ సంగతి చెప్పండి అంటే, అందరూ ఒకటే పాట. "నాకు లెక్కలు రావండి." ఈ ముక్క వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు వంకాయ పడదండి అన్నంత తేలిగ్గా చెప్పేస్తారు, అదేదో పుట్టుకతో వచ్చినట్టు. నలుగురైదుగురు అయ్యేసరికి నా చేతిలో చాక్‌పీసు విరిగింది. అప్పుడు ఆవిడ లేచింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయేమో. ఎండకి నల్లబడ్డ చెంపలు, నూనె రాసి బిగించిన ముడి. పమిట చెంగుతో రెండు అరచేతులూ తుడుచుకుంది.

"నాకు లెక్కలొచ్చండి" అంది. "జవాబులే రావట్లేదు."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు, ఉన్నమాట చెప్పిన మనిషిలా కూర్చుంది. నాకు ఆ క్షణానే ఆవిడ నచ్చేసింది.

ఒక బియ్యం మిల్లులో ఉడకబెట్టిన ధాన్యం ఆరబెట్టే పని చేసేది. సిమెంటు కళ్ళం మీద ధాన్యం పరిచి, పాదాలు ఈడుస్తూ నడిచి చాళ్ళు తియ్యాలి, అటు వెళ్ళి ఇటు రావాలి, ఎండ ముదిరేకొద్దీ అదే పని. ఏళ్ళ తరబడి అలా నడిచి, ఆవిడ మామూలుగా నడిచినా పాదాలు నేలని వదిలేవి కావు. బోర్డు దగ్గరికి రమ్మంటే సర్రు సర్రుమని వచ్చేది. బెంచీలో కూర్చుని ఆలోచిస్తున్నప్పుడు కూడా కిందనించి ఆ చప్పుడు వినిపించేది. చప్పుడు ఆగిందంటే లెక్క అయిపోయినట్టు. నేను తలెత్తి చూడకుండానే "ఏమ్మా, అయిందా?" అంటే "మీకెలా తెలిసిందండి?" అని ఆశ్చర్యపోయేది. నేను చివరిదాకా చెప్పలేదు. చెబితే ఆపేస్తుందని భయం.

మిల్లులో ఆరబెట్టే యంత్రం పెట్టాక ఆడవాళ్ళకి కళ్ళం మీద పని లేకుండా పోయింది. ఆవిడ అత్తగారు మంచాన పడి మూడేళ్ళు ఉందట. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మందులు వెయ్యడం అంతా ఈవిడే. పోయేముందు ఆ అత్తగారు "నీ చెయ్యి మంచిదే" అందట. "మా అత్త నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క ముక్కేనండి. దాన్నిబట్టి ఈ ట్రైనింగుకి వద్దామనుకున్నాను" అని నాతో చెప్పింది. ఆసుపత్రిలో రోగుల్ని కనిపెట్టుకుని ఉండే పని. దానికి వయసు హద్దు ఉంది. ఈసారి తప్పితే మళ్ళీ రాయడానికి వీల్లేదు. ఇంట్లో భర్త ట్రాక్టరు తోలతాడు, కొడుకు ఇంకా కాలేజీలో ఉన్నాడు, ఈవిడ ఖాళీగా కూర్చోవడం అలవాటు లేని మనిషి. ఆ సీటు రాకపోతే మళ్ళీ ఏ కళ్ళమూ లేదు, ఏ క్లాసూ లేదు.

నోట్లోంచి కొన్ని మాటలు రావు ఆవిడకి. భాగహారం చేసి శేషం ఎంతమ్మా అంటే "సున్నా" అనేది కాదు. "నిండుకుందండి" అనేది. ఇంట్లో బియ్యం అయిపోతే అలాగే అంటాం కదా, లేవు అనకూడదని. శేషానికి కూడా అదే మర్యాద. వీర్రాజు మొదట వెక్కిరించాడు, వారం తిరిగేసరికి వాడూ "నిండుకుందండి" అనడం మొదలుపెట్టాడు. పరీక్షలో అలా రాస్తే ఊరుకోరు బాబూ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

అయితే అసలు చిక్కు అది కాదు. ఆవిడ జవాబులు నిజంగానే వచ్చేవి కావు. పన్నెండు మీటర్ల గుడ్డని రెండేసి మీటర్ల ముక్కలు చేస్తే ఎన్ని అంటే ఐదు అనేది. ఇరవై మాత్రలు రోజుకి రెండు చొప్పున అంటే తొమ్మిది రోజులు, ఒక పూట అనేది. కూడికలు తప్పు పోయేవి కావు, ఎక్కాలు గడగడా చెప్పేది. పంచే లెక్క వస్తే చాలు, పప్పులో కాలేసేది. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత అనుమానం వచ్చింది. ఊరికే తప్పు చేసే మనిషి ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా చెప్తాడు. ఈవిడ ఎప్పుడూ తక్కువే చెప్పేది, అదీ సరిగ్గా ఒక్క వంతు. తప్పుకి ఇంత నియమం ఏమిటా అని నాకు నిద్ర పట్టలేదు.

ఒకరోజు మందు లెక్క ఇచ్చాను. సీసాలో అరవై మిల్లీలీటర్ల మందు, పూటకి ఐదు చొప్పున రోజుకి మూడు పూటలు, ఎన్ని రోజులు వస్తుంది? ఇచ్చి ఆవిడ వెనకే నిలబడ్డాను. పలక మీద వరసగా గుండ్రాలు గీసింది, ఒక్కో గుండ్రం ఒక్కో పూట. పన్నెండు గుండ్రాలూ సరిగ్గానే పడ్డాయి. కాని మొదటిది మాత్రం దూరంగా, పైన మూలకి గీసింది. మిగతావి లెక్కపెట్టి, "మూడు రోజులండి, నాలుగోరోజు రెండు పూటలు" అంది.

"ఆ మూలనున్నది ఏంటమ్మా?"

"అది లాభమండి."

"ఏం లాభం?"

"మొదటిది లాభం కదండీ. అది పక్కన పెట్టేత్తాం కదా" అంది, నాకు తెలియకపోవడం ఏమిటన్నట్టు.

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడట. రాశి ముందు తూర్పు ముఖంగా కూర్చుని కుంచం నింపి, ఒకటి అనకుండా "లాభం" అనేవాడట. అంతవరకు మా వైపు అందరూ అనేదే, మా తాతగారి కళ్ళంలోనూ విన్నాను. వాళ్ళ నాన్న పద్ధతిలో ఇంకో మెట్టు ఉంది. ఆ మొదటి కుంచం రాశిలో కలిపేవాడు కాదు. వేరే గుడ్డ మీద పోసి, అమ్మవారి గుడికి పంపేవాడు. ఆ తర్వాతే రైతుకి కొలిచేవాడు. ఈవిడ చిన్నప్పుడు ఆ గుడ్డ పట్టుకుని పక్కన కూర్చునేదట. పంచడం అంటే ఆవిడకి తెలిసిన పంచడం అది. మొదటి వంతు తీసి దేవుడికి ఇచ్చాకే ఎవరికైనా.

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పరీక్ష దగ్గరపడుతోంది. "అమ్మా, ఇది ధాన్యం కాదు, మందు" అన్నాను. "తెలుసండి" అంది. "మరి తియ్యకు." "అలాగేనండి" అంది. మర్నాడు మళ్ళీ మూల గుండ్రం. చెరిపెయ్యమంటే చెరిపేది, తర్వాతి లెక్కలో మళ్ళీ గీసేది. "అంతా లెక్కలో వేసేసుకుంటే దేవుడి వంతు మనమే తినేసినట్టుంటాదండి" అంది ఒకసారి, సిగ్గుపడుతూ. వీర్రాజు కలగజేసుకుని, "అక్కా, ఒకటి కలిపి రాసెయ్యి, సరిపోద్ది" అన్నాడు. ఆవిడ వాడివైపు చూసిన చూపుకి వాడు తల దించుకున్నాడు. దొంగ లెక్క చెప్పమన్నట్టు అనిపించింది ఆవిడకి.

చివరికి నాకు విసుగొచ్చి గట్టిగానే అన్నాను. "ఆ సీసా ఎవరిదమ్మా? నీదా? రోగిది. రోగి మందులోంచి తీసి దేవుడికివ్వడానికి నువ్వెవరు?"

ఆవిడ పాదాల చప్పుడు ఆగిపోయింది. సాయంత్రం దాకా పలక ఒళ్ళో బోర్లించుకుని కూర్చుంది. "ఎల్లొత్తానండి" అని రోజూ చెప్పే మనిషి ఆరోజు చెప్పకుండా వెళ్ళిపోయింది. బస్సులో నాకు మనసు మనసులో లేదు. రేపటినించి రాదేమో అనుకున్నాను.

వచ్చింది. అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "రాత్రంతా ఆలోచించానండి" అంది. "మా నాన్న కూడా పరాయోళ్ళ రాశిలోంచే తీసేవోడు. కాని రైతుని అడిగి తీసేవోడండి. 'అయ్యా, తియ్యమంటారా?' అనేవోడు. ఆయన ఊఁ అంటేనే. సీసా లెక్కలో రోగి కనపడడు కదండీ. అడగడానికి లేదు. అడక్కుండా తీత్తే తప్పేనండి."

ఆరోజు పలక మీద మూల గుండ్రం లేదు. పన్నెండూ ఒకే వరసలో ఉన్నాయి. "నాలుగు రోజులండి. శేషం నిండుకుంది" అంది. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నిజం చెప్పొద్దూ, కళ్ళు తుడుచుకున్నాను.

అలాగని దేవుణ్ణి వదిలెయ్యలేదు. ఆ రోజునించీ వస్తూ వస్తూ ఇంట్లోంచి గుప్పెడు బియ్యం చెంగున కట్టుకొచ్చేది. హాలు కిటికీ గట్టు మీద పోసి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు పలక పట్టేది. "ఇవాళ్టి లెక్కలన్నిటికీ కలిపి ఇచ్చేశానండి. ఇంక మీ ఇష్టం" అనేది నాతో. పిచ్చుకలు చేరేవి. ఒకరోజు పాస్టరుగారు చూసి ఇదేమిటమ్మా అంటే, ఆవిడ కంగారుపడి మొత్తం కథ చెప్పుకొచ్చింది. ఆయన ఓపిగ్గా విని, "మా పిచ్చుకలకి ఏం అభ్యంతరం లేదమ్మా" అని వెళ్ళిపోయారు. ఆవిడకి ఆ మాటతో కొండంత ధైర్యం వచ్చింది. పంచే లెక్కలు ఒకదాని తర్వాత ఒకటి పడగొట్టేసింది. డెసిమల్ చుక్క దగ్గర కొంచెం తడబడేది కాని, పరీక్ష గట్టెక్కుతుందని నాకు నమ్మకం కుదిరింది.

పరీక్ష రాజమండ్రిలోనే. నేను ఇంట్లో ఉండలేక అక్కడికి వెళ్ళి గేటు బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. ప్రతి మార్కూ ప్రాణమే, సీట్లు చాలా తక్కువ. అందరూ బిలబిలా వచ్చేశారు. ఆవిడ చివర్న, సర్రు సర్రుమంటూ వచ్చింది. ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఎలా రాశావమ్మా?"

"అన్నీ వచ్చినయ్యండి" అంది. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మెల్లిగా అంది, "ఒకటి రాయలేదండి."

"అన్నీ వస్తే రాయకపోవడం ఏంటి?"

"గేటు కాడ వాచ్‌మేను పెన్ను తప్ప ఏదీ తేకూడదన్నాడండి. చెంగు ముడి చూసి విప్పమన్నాడు. బియ్యం అక్కడే వదిలేయించాడు. లోపలికెళ్ళి కూర్చుంటే చెయ్యి ఆడలేదండి. అందుకని ఒక లెక్క వదిలేశాను, దేవుడికని. అప్పుడు కలం కదిలింది."

నేను ఏమన్నానో మొత్తం రాయను. టీ బడ్డీ అబ్బాయి గ్లాసులు కడగడం ఆపి చూశాడు. నీకు మతి ఉందా అన్నాను. ఇన్ని నెలలు బస్సులో పడి నేను వచ్చింది ఇందుకా అన్నాను. ఆ ఒక్క మార్కుతో సీటు పోతే ఏం చేస్తావన్నాను. ఆవిడ నేను చెప్పిందంతా విని, నాకు దమ్ము అయిపోయాక, నెమ్మదిగా అంది.

"సీసాలోది రోగిదన్నారండి, ఇన్నాను. మార్కులు నావే కదండీ."

రెండు టీలు చెప్పాను. ఇద్దరం అక్కడే నిలబడి తాగాం.

ఫలితాల లిస్టు వచ్చింది, ఆవిడ పేరు లేదు. వీర్రాజు నాకు ఫోనులో ఆ కాగితం ఫోటో పంపాడు. నేను కింది నించి పైకీ, పై నించి కిందికీ వెతికాను. అక్షరాల లెక్కన వెతికాను, ఇంటిపేరుతో వెతికాను. ఆ ఒక్క లెక్కా రాసి ఉంటే ఖాయంగా ఉండేదని నాకు తెలుసు. ఆవిడకి ఫోను చేస్తే, "మీరు అన్నం తిన్నారాండి?" అని అడిగింది. ఆ రాత్రి నేను తినలేదు. దేవుడితో నాకు పెద్ద రాకపోకలు లేవు, కాని ఆరోజు ఆయన్ని గట్టిగానే తిట్టాను.

రెండో లిస్టు వచ్చేసరికి మళ్ళీ క్లాసులు మొదలయ్యాయి. మొదటి లిస్టులోవాళ్ళు ఎవరో ఇద్దరు చేరలేదట. ఆవిడ పేరు అట్టడుగున ఉంది. హాల్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది, పాదాలు నేలమీద ఆనకుండా రావడం నేను చూసింది అదొక్కసారే. "పేరు ఆఖర్న ఉందండి" అని ఏడుస్తూ నవ్వింది. నేను ఇంకా కోపం నటిస్తూ, "వదిలెయ్యకుండా రాసి ఉంటే పైన ఉండేది" అన్నాను. "ఆఖర్నున్నోళ్ళకీ అదే యూనిఫారం ఇత్తారటండి" అంది.

తర్వాత కొన్నేళ్ళకి మా వదిన తుంటి విరిగి రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఉంటే, ఆ వార్డులోకి లేత నీలం కోటు వేసుకుని ఆవిడే వచ్చింది. నన్ను చూసి ముఖం చేటంత చేసుకుంది కాని, ముందు పని చూసుకుంది. పక్క మంచం మీద ఒక మామ్మగారు, మహా చిరాకు మనిషి. ఈవిడ కొలత కప్పుని కంటికి ఎదురుగా పెట్టుకుని, గీత దాకా మందు పోసి, "మామ్మగారూ, మందండి. పొయ్యమంటారా?" అంది.

"వద్దంటే మానేస్తావేంటే?" అంది మామ్మగారు.

"మాననండి. కాని అడుగుతాను."

మామ్మగారు రుసరుసలాడుతూనే నోరు తెరిచింది. అంతకుముందు ఇద్దరు నర్సులు బతిమాలినా తెరవలేదని మా వదిన తర్వాత చెప్పింది. నేను ఆ మంచాల మధ్య నిలబడి, ఈవిడకి లెక్కలు నేనే చెప్పానని ఎవరితోనైనా చెప్పుకోవాలని తహతహలాడిపోయాను.

డ్యూటీ అయ్యాక ఆసుపత్రి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. ఆవిడ లేదనుకుంటే నాకు ముందు గుర్తొస్తున్నది ఆ సాయంత్రమే, ఆ మెట్ల మీద ఇద్దరం కూర్చున్న కాసేపు. ఇంతమందికి చెప్పాను, నేను చెప్పిన మాటని రాత్రంతా మోసుకుని ఆలోచించి తిరిగి తెచ్చింది ఆవిడొక్కర్తే. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఆ మాట ఎదురుగా అనడం నాకు చేతకాదు, అందుకని ఆటపట్టించాను. ఎన్నేళ్ళనించో లోపల గుచ్చుతున్న అనుమానాన్నే ఆటగా అడిగేశాను.

"ఇప్పుడైనా నిజం చెప్పు. ఆరోజు వదిలేసిన లెక్క రాకే కదూ వదిలేశావు? రాక వదిలేసి దేవుడి మీదకి తోశావు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. నిజంగా నొచ్చుకుంది.

"అన్నిట్లోకీ బాగా వచ్చింది అదేనండి" అంది. "రాని లెక్క దేవుడికెలా పెడతామండి?"